హస్తవాసి నుండి అర్హతాపత్రం వరకు

చెయ్యి విరిగినవానికి కట్టు విప్పిన నాటితో కష్టం తీరదు. ఎముక అతికినా మోచేయి వంగదు, పిడికిలి బిగియదు. ఇక మిగిలినది మందుతో అయ్యే పని కాదు. ఎవరో ఒకరు పక్కన కూర్చుండి, వారాల తరబడి ఆ కీలును కొద్దికొద్దిగా వంచుతూ, బిగిసిన కండరాన్ని సడలిస్తూ, రోగి చేతనే పని చేయించవలె. ఆ ఒకరికి ఆ విద్య తెలియునో లేదో రోగి ఎట్లు కనిపెట్టగలడు?

ప్రశ్న చిన్నది గాని జవాబు సులువు కాదు. ఇట్టి బాధలు చాలావరకు కాలం గడచిన కొలదీ తమంతట తామే కొంత తగ్గుతాయి. తగ్గినది చికిత్స వల్లనా, ప్రకృతి వల్లనా అని ఒక్క రోగిని చూచి తేల్చలేము. అందుచేత జనం ఇరుగుపొరుగువారి మాట విని వెళ్తారు. “ఆయన హస్తవాసి మంచిది” అనే మాట అట్లు పుట్టినదే. ఎముక విరిగితే పుత్తూరు కట్టు పేరు విని దూరభారాన్ని లెక్కచేయక బయలుదేరే వారిదీ ఆ దారియే.

పంతొమ్మిదవ శతాబ్దం చివర లండన్ నగరంలో ఈ చిక్కు మరీ ముదిరినది. అప్పటికి మర్దన చికిత్సను వైద్యులు కూడా ఆదరించసాగినారు. దానితో నగరంలో మర్దనశాలలు పెరిగినవి. వాటిలో కొన్ని అనైతిక వ్యాపారానికి ముసుగులు మాత్రమే. 1894లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ సంగతిని బయటపెట్టినది. అపవాదు అందరి మీదా పడినది. శ్రద్ధగా నేర్చి, నిజాయితీగా పనిచేసే స్త్రీలకూ తలవంపులే. ప్రకటన చూచి వెళ్లే రోగికి రెండు రకాల ఇళ్ల తలుపులూ ఒక్కలాగే కనిపించేవి గదా!

ఆ సంవత్సరమే లూసీ రాబిన్సన్, రోజలిండ్ పేజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ అనే నలుగురు స్త్రీలు కూడి శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘాన్ని స్థాపించినారు. వారు పెట్టుకొన్న నియమాలు గమనించదగినవి. వైద్యుడు చెప్పనిదే ఎవరికీ చికిత్స చేయరాదు. వైద్య పత్రికలలో తప్ప ప్రకటనలు వేయరాదు. రోగులకు మందులు అమ్మరాదు. పురుషులకు సాధారణ మర్దన చేయరాదు. వైద్యుడు ప్రత్యేకంగా కోరితే మాత్రం మినహాయింపు. 1895లో పరీక్ష మొదలైనది. అందులో నెగ్గిన వారికి అర్హతాపత్రం. నమ్మకానికి అంతవరకు లేని ఒక గుర్తు ఏర్పడినది.

అయితే దానికి చెల్లించిన మూల్యం తక్కువది కాదు. ఎంచుకొనే పని రోగి చేతి నుండి వైద్యుని చేతికి మారినది. వృత్తి గౌరవం నిలిచినది గాని స్వాతంత్ర్యం తాకట్టు పడినది. ఆ రోజులలో మరో దారి ఉండెనా అంటే, ఉన్నట్లు తోచదు. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులు వేల సంఖ్యలో రాగా ఈ విద్య అవసరం లోకానికి తెలిసివచ్చినది. 1920లో సంఘానికి రాజశాసనం లభించినది.

ఇందుకు పూర్తిగా ఎదురుగా నడచినది ఆస్ట్రేలియా నర్సు ఎలిజబెత్ కెన్నీ కథ. ఆమెకు క్రమమైన నర్సు విద్య లేదు. పోలియో సోకిన పిల్లల కాళ్లను బద్దలతో కట్టి కదలకుండా ఉంచడం నాటి వైద్యుల పద్ధతి. ఆమె ఆ బద్దలు తీసివేసి, వేడి తడి ఉన్ని గుడ్డలు చుట్టి, కాళ్లను కదిలించేది. 1938లో క్వీన్స్‌లాండ్ రాయల్ కమిషన్ ఆమె పద్ధతిని ఖండించినది. అయినా తల్లిదండ్రులు పిల్లలను ఆమె వద్దకే తెచ్చినారు. 1940లో ఆమె అమెరికా వెళ్లినది. 1942లో మినియాపొలిస్‌లో ఆమె పేర సంస్థ వెలసినది.

మరి ఆ తల్లిదండ్రుల ఎంపిక సరియైనదేనా? సగం సరియైనది. కండరాలు బిగుసుకొనడమే అసలు వ్యాధి అన్న ఆమె సిద్ధాంతం నిలువలేదు. పోలియో వైరస్ చెరిచేది వెన్నుపాములోని నాడీకణాలను. కాని బద్దలు తగ్గించి కదలిక పెంచవలెనన్న ఆచరణ నిలిచినది. పోలియోలో మొదటి నెలలలో తనంతట వచ్చే మెరుగు చాలా ఉంటుంది కనుక, కోలుకొన్న పిల్లలను చూపినంత మాత్రాన ఏదీ రుజువు కాదు.

కొలిచే ఉపాయం అప్పటికే ఉండెను. బోస్టన్‌లో డాక్టర్ లోవెట్‌తో పనిచేసిన విల్హెల్మీన్ రైట్ 1912లోనే కండర పరీక్షను ప్రచురించినది. అందులోని భౌతికశాస్త్రం విద్యార్థులకు సులభగ్రాహ్యం. కండరం భూమ్యాకర్షణకు ఎదురుగా అవయవాన్ని ఎత్తగలదా? ఎత్తిన పిదప చేతితో అదిమితే నిలువగలదా? ఎత్తలేకపోతే, బల్ల మీద పక్కకు జరపగలదా? ఈ జవాబులను బట్టి బలానికి తరగతులు ఏర్పడినవి.

వైద్యుని చీటీ లేకుండా నేరుగా వెళ్లే స్వేచ్ఛ రోగికి తిరిగి మెల్లగా వచ్చినది. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం 1957లోనే దారి తెరచినది. ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టుల సంఘం 1976లో పాత నిబంధనను ఎత్తివేసినది. బ్రిటన్‌లోనూ ఆ దశాబ్దంలోనే మార్పు వచ్చినది.

మన దేశంలో ఈ విద్యలకు తొలి కేంద్రం బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రి. 1950లో కమలా నింబ్కర్ అక్కడ ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాలను ఆరంభించినది. అనగా స్నానం, భోజనం, వ్రాత, వృత్తి వంటి నిత్యకృత్యాలను రోగి మళ్లీ తానే చేసుకొనేటట్లు నేర్పే విద్య. ఆ దశకంలోనే ఫిజియోథెరపీ పాఠశాల కూడా నెలకొన్నది. కాని వృత్తిలోని వారి పేర్లు చట్టబద్ధంగా నమోదు చేసే ఏర్పాటు కొన్ని రాష్ట్రాలలో తప్ప చాలాకాలం లేదు. దేశమంతటికీ వర్తించే చట్టం 2021లో వచ్చినది. లండన్ నలుగురు స్త్రీలు గుర్తు వెదకినప్పటి నుండి లెక్కిస్తే 127 ఏండ్లు!

పట్టికలో పేరున్నదంటే చదివినారని అర్థం. ఈ మోచేయి వంగునో లేదో పట్టిక చెప్పదు. దానికి గోనియోమీటర్ ఉన్నది. కీలు వంగిన కోణాన్ని డిగ్రీలలో చూపే ఈ పరికరం, బడిలోని కోణమానినికి రెండు చేతులు తగిలించినట్లుంటుంది. మొదటినాటి అంకె, మూడు వారాల తరువాతి అంకె పక్కపక్కన వ్రాసి ఉంటే, చూపించమని రోగి అడగవచ్చును.