గుర్రం నోట్లో ఆకురాయి ఎవరు పెట్టాలి?

బ్రిటన్‌లో గుర్రానికి లాడం కొట్టాలంటే రిజిస్టర్‌లో పేరుండాలి. 1975 నాటి ఫారియర్ల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం నమోదైన లాడాల పనివాళ్లు, వాళ్ల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు, పశువైద్యుల లాంటి కొద్దిమంది తప్ప ఇంకెవరైనా ఆ పనికి దిగితే నేరం. అదే దేశంలో అదే గుర్రం నోరు తెరిచి, చేతి ఆకురాయితో దవడ పళ్ల మొనలు అరగదీయడానికి మాత్రం ఏ అర్హతా అక్కర్లేదు. అమెరికాలో వ్యవహారం తలకిందులు. అక్కడ లాడాలు కొట్టేవాణ్ని ప్రభుత్వ లైసెన్సు అడగరు (పందెపు మైదానాల నిబంధనలు వేరు). పళ్ల మీద చెయ్యి వేస్తే మాత్రం చాలా రాష్ట్రాల్లో అది పశువైద్యం కిందికి వస్తుంది.

రెండు దేశాల గుర్రాలకూ నోరూ గిట్టలూ ఒకేలా ఉంటాయి. తేడా అంతా చట్టాలు పుట్టిన తీరులో ఉంది. అందుకే, పశువైద్య పట్టా లేని పనివాడి చేత తన గుర్రం పళ్లు బాగు చేయించుకునే హక్కు యజమానికి ఉందా అన్న ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడు చట్టం ఏమంటోందన్న దానితో ఆగిపోతే లాభం లేదు. గుర్రం నోట్లో ఏం జరుగుతోందో, పరిశోధనలు దేన్ని కొలిచాయో, దేన్ని కొలవలేదో చూడాలి.

గుర్రం దవడ పన్ను మన పన్నులా ఒకసారి వచ్చి ఆగిపోదు. వయసులో ఉన్న గుర్రానికి పన్నులో ఎక్కువ భాగం చిగురు కింద, ఎముకలో నిల్వ ఉంటుంది. గడ్డిలోని సిలికా, దానికి అంటుకున్న మట్టి పైభాగాన్ని ఏటా రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున అరగదీస్తుంటాయి. దాదాపు అంతే మేర పన్ను కింది నుంచి పైకి జరుగుతుంది. ఇక్కడే ఒక చిక్కుంది. గుర్రం పై దవడ కింది దవడ కంటే వెడల్పు. నమిలేటప్పుడు పై పళ్ల బయటి అంచు, కింది పళ్ల లోపలి అంచు సరిగా ఒరుసుకోవు. అక్కడ ఎనామెల్ అరగకుండా పదునుగా మిగిలి, పైన బుగ్గనూ కింద నాలుకనూ గీరుతుంది. రోజులో ఎక్కువ భాగం మేతలోనే గడిపే గుర్రం దవడను వెడల్పుగా తిప్పి నములుతుంది. శాలలో కట్టేసి దాణా పెట్టే గుర్రానికి ఆ ఊపు కురచవుతుంది. పైగా కళ్లెం, తలకట్టు బుగ్గను ఆ మొనలకేసి నొక్కుతాయి. అందుకే స్వారీ గుర్రాలకు ఏడాదికోసారైనా నోరు చూపించమంటారు. ఆ మొనలను అరగదీసే పనిని ఇంగ్లిషు వాళ్లు ఫ్లోటింగ్ అంటారు.

ఈ పని చాలాకాలం పాటు ఎవరికీ తగాదా కాలేదు. మోటారు బండ్లు వచ్చి గుర్రాలు తగ్గాక పశువైద్యుల చూపు మిగతా జంతువుల మీదికి మళ్లింది. గుర్రం పళ్లు చాలాచోట్ల పట్టా లేని పనివాళ్ల చేతుల్లోనే ఉండిపోయాయి. కొన్ని కుటుంబాల్లో ఈ పని తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో రెండు మార్పులు వచ్చాయి. గుర్రాన్ని నిలబెట్టే మత్తులో ఉంచగల డెటోమిడిన్ లాంటి మందులు వచ్చాయి. మోటారుతో తిరిగే ఆకురాళ్లు వచ్చాయి. పని సులువైంది, రాబడి పెరిగింది, ప్రమాదమూ పెరిగింది. తగాదా మొదలైంది అప్పుడే. ఇందులో పొట్టకూటి పోటీ లేదని ఏ పక్షం చెప్పినా నమ్మడం కష్టం.

టెక్సస్ రాష్ట్రం కథ దీనికి మంచి ఉదాహరణ. 2007లో అక్కడి పశువైద్య పరీక్షకుల బోర్డు, ఎన్నో ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాళ్లకు పని ఆపేయమని నోటీసులు పంపింది. వాళ్లు కోర్టుకు వెళ్లారు. విశేషం ఏమిటంటే, వాళ్లతోపాటు గుర్రాల యజమానులు కూడా వాదులుగా చేరారు. తమకు నచ్చిన పనివాణ్ని పెట్టుకునే స్వేచ్ఛ తమది అన్నది వాళ్ల వాదన. కేసు నడవడానికి 2008లో ఆస్టిన్‌లోని అప్పీలు కోర్టు దారి ఇచ్చింది. చివరికి 2011లో శాసనసభే మధ్యేమార్గం వెతికింది. గుర్రం పళ్ల పనివాళ్లకు విడిగా ఒక లైసెన్సు పెట్టింది. గుర్తింపు పొందిన సంస్థ నుంచి సర్టిఫికెట్ ఉండాలి, పశువైద్యుడి పర్యవేక్షణ ఉండాలి. యజమానికి ఎంచుకునే వీలు దక్కింది, కానీ ఆ ఎంపిక మీద పశువైద్యుడి సంతకం నీడలా ఉండిపోయింది.

ఆ రాష్ట్ర చట్టంలోనే ఇంకో సంగతి ఉంది. తన జంతువుకు యజమాని స్వయంగా చేసుకునే వైద్యానికి, అతని దగ్గర పనిచేసే మనిషి చేసేదానికి మినహాయింపు ఉంది. మినహాయింపును అడ్డుపెట్టుకుని చట్టాన్ని దాటవేయడానికి సంరక్షకుణ్ని నియమించుకుంటే చెల్లదని కూడా రాశారు. అంటే ఎన్నడూ ఆకురాయి పట్టని యజమాని తన గుర్రం నోట్లో చేయి పెట్టవచ్చు. ఇరవయ్యేళ్లుగా అదే పని చేస్తున్నవాడు లైసెన్సు లేకుండా డబ్బు పుచ్చుకుని పెట్టకూడదు. గుర్రం క్షేమమే చట్టం లెక్కలోకి తీసుకుందంటే ఈ ఏర్పాటును సమర్థించడం కుదరదు. యజమానుల వాదనలో అన్నిటికంటే బలమైన ముక్క ఇదే అనిపిస్తుంది.

ఇక ఆధారాల సంగతి. అరగదీయడం వల్ల గుర్రానికి కలిగే మేలు మీద నమ్మకానికి, కొలతలకు మధ్య ఎడం ఉంది. 2001లో శారా రాల్‌స్టన్, తోటి పరిశోధకులు నోట్లో పెద్ద లోపాలు లేని గుర్రాలకు పళ్లు సవరించి చూస్తే మేత అరుగుదల చెప్పుకోదగ్గంత మెరుగుపడలేదు. కెనడాలోని సస్కాచివాన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ కార్మాల్ట్ బృందం దీన్ని ఇంకా వెంటపడి పరిశీలించింది. పళ్లు అరగదీశాక, తల వంచినప్పుడూ ఎత్తినప్పుడూ కింది దవడ ముందుకూ వెనక్కూ జరిగే దూరం పెరిగిందని 2003లో తేల్చారు. మరుసటి ఏడాది 56 చూడి గుర్రాల మీద చేసిన అధ్యయనంలో మాత్రం బరువులో గానీ, ఒంటి పుష్టిలో గానీ, అరుగుదలలో గానీ, పేడలో కనిపించే పీచు పొడవులో గానీ స్వల్పకాలంలో తేడా కనబడలేదు. 2006లో డ్రెసాజ్ అనే స్వారీ పోటీ గుర్రాల మీద చూసినప్పుడు కూడా మార్కులు మారలేదు.

వీటిని చదివి పళ్ల సంరక్షణే దండగ అనుకుంటే పొరపాటు. ఆ గుర్రాలు చాలావరకు ఆరోగ్యంగా ఉన్నవి, చూసిన కాలం తక్కువ. బుగ్గలో పుండు పడ్డ గుర్రానికి మొన తీసేస్తే నొప్పి తగ్గుతుందని చెప్పడానికి తూకం అక్కర్లేదు. కానీ ఇవి ఒక సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాయి: ఆరోగ్యంగా ఉన్న గుర్రం పళ్లను ఎంత ఎక్కువ అరగదీస్తే అంత మేలు అన్న ప్రచారానికి కొలతల మద్దతు లేదు. ఆ ప్రచారం పట్టా ఉన్నవాళ్లు చేసినా, లేనివాళ్లు చేసినా అంతే. ఇంకొకటి కూడా గమనించాలి. ఈ అధ్యయనాలన్నీ అరగదీసిన గుర్రాన్ని అరగదీయని గుర్రంతో పోల్చాయి. పశువైద్యుడు చేసిన పనిని పట్టా లేనివాడు చేసిన పనితో పోల్చలేదు. కోర్టులో ఎవరు మా చేయి మంచిదని చెప్పినా దానికి ఈ పత్రాలు సాక్ష్యం కావు.

హాని వైపు ఆధారాలు ఇంకొంచెం తేటగా ఉన్నాయి. మోటారు ఆకురాయి రాపిడికి పన్ను వేడెక్కుతుంది. లోపల ప్రాణమున్న పల్ప్ ఉంటుంది. తీసిన పళ్ల మీద చేసిన ప్రయోగాల్లో, నీళ్లతో చల్లార్చకుండా ఒకేచోట ఎక్కువసేపు తిప్పితే ప్రమాదకరమనుకునే స్థాయికి వేడి చేరింది. ఆ స్థాయి 5.5 డిగ్రీల సెల్సియస్ పెరుగుదల. సరదా సంగతేమిటంటే అది గుర్రాల్లో తేల్చింది కాదు, 1965లో జాక్, కోహెన్ అనే ఇద్దరు రీసస్ కోతుల పళ్ల మీద చేసిన ప్రయోగం నుంచి అరువు తెచ్చుకున్నది. కోతి పన్నుకూ గుర్రం పన్నుకూ ఉన్న తేడా తలచుకుంటే ఆ అంకెను గీటురాయిగా వాడేటప్పుడు కాస్త తటపటాయించాలి. ఎడిన్‌బరో పరిశోధకులు 2010లో చూపించిన విషయం మరీ ముఖ్యం. పల్ప్ మీద రక్షణగా ఉండే డెంటిన్ మందం గుర్రం గుర్రానికీ, ఒకే పన్నులో చోటు చోటుకీ చాలా మారుతుంది. బయటి నుంచి చూసి అంచనా వేయలేం. పన్ను ఎత్తుగా పెరిగింది కదా, ఎక్కువ కోసేయవచ్చు అనుకుంటే పల్ప్ బయటపడవచ్చు.

మత్తు మందు వేరే గొడవ. డెటోమిడిన్, జైలజిన్ గుండె వేగాన్ని తగ్గిస్తాయి, కాళ్లు తూలేలా చేస్తాయి. అవి డాక్టరు చీటీ మీదే ఇవ్వాల్సిన మందులు. 500 కిలోల జంతువు నోట్లో, దాన్ని తెరిచి ఉంచే ఇనుప స్పెక్యులమ్ బిగించి ఉండగా కూలబడితే పక్కనున్న మనిషికీ ప్రమాదమే. గుర్రాన్ని మత్తులో పెట్టే హక్కు యజమాని ఇష్టానికి వదలాలన్న వాదనకు నాకు ఎక్కడా ఆధారం దొరకలేదు.

బ్రిటన్ విభజన ఈ ఆధారాలకు చాలా దగ్గరగా నడుస్తుంది. మనిషిని బట్టి కాక పనిని బట్టి గీతలు గీసింది. మొదటి మెట్టులో నోరు పరీక్షించడం, చేతి ఆకురాయితో మొనలు తీయడం, నాలుగు మిల్లీమీటర్లకు మించని చిన్న పెరుగుదలలు తగ్గించడం, ఊడిపోతున్న పాలపళ్లు తీయడం, పాచి గీయడం ఉన్నాయి. వీటికి అర్హత అడగరు. రెండో మెట్టు పరీక్ష పాసైన డెంటల్ టెక్నీషియన్లది. మోటారు పరికరాలు, వేలితో కదిపితే ఊడే పళ్లు వాళ్లవి. పశువైద్యుడు పక్కనే నిలబడి చూస్తుండగా ఊల్ఫ్ టీత్ అనే చిన్న పళ్లు కూడా తీయవచ్చు. మిగతాదంతా, మత్తుతో సహా, పశువైద్యుడిదే. నాలుగు మిల్లీమీటర్లు అన్న అంకెను చూస్తే ఎడిన్‌బరో డెంటిన్ కొలతలు గుర్తుకు రాక మానవు.

అయినా నాకు ఆ మొదటి మెట్టు మీద ఒక అనుమానం ఉంది. అరగదీయడం కంటే కనిపెట్టడం కష్టం. వయసు మళ్లిన 349 గాడిదల తలలను చనిపోయాక పరీక్షిస్తే 93 శాతం వాటికి ఏదో ఒక పంటి జబ్బు ఉందని డు టోయిట్, తోటి పరిశోధకులు 2008లో రాశారు. అందులో పెద్ద వాటా పంటికీ పంటికీ మధ్య ఏర్పడే సందులది. ఆ సందుల్లో మేత ఇరుక్కుని చిగురు కుళ్లుతుంది. అది తరచు నొప్పి పెడుతుంది. వెనక దవడ పళ్ల దగ్గర ఆ సందు కనబడాలంటే మంచి దీపం, అద్దం లేదా ఎండోస్కోపు కావాలి, చూడ్డం తెలిసిన కన్ను కావాలి. మొనలు నున్నగా చేసి, అసలు జబ్బును చూడకుండా వెళ్లిపోయిన పనివాడు యజమానికి సంతృప్తి ఇచ్చి వెళతాడు. గుర్రం ఫిర్యాదు చేయదు. నమిలిన గడ్డిని ఉండలుగా కింద పడేస్తున్నా, నోరు వాసన కొడుతున్నా కొందరు యజమానులు నెలల తరబడి గమనించరు. పట్టా ఉన్నా పళ్లలో అనుభవం లేని పశువైద్యుడి చేతిలో కూడా ఇదే జరగవచ్చు. అందుకే పట్టాను బట్టి హక్కును తేల్చడం నాకు సరిపడదు. అద్దం లేకుండా నోరు చూసి డబ్బు తీసుకోవడాన్ని, చూసిందేమిటో కాగితం మీద రాసివ్వకపోవడాన్ని ఎవరి విషయంలోనైనా ఒకేలా తప్పుపట్టాలి.

గీత ఎవరు గీయాలన్నది చివరి ప్రశ్న. 2015లో అమెరికా సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో ఇచ్చిన నార్త్ కరోలినా దంతవైద్య బోర్డు తీర్పు ఇక్కడ పనికొస్తుంది. ఆ కేసు మనుషుల పళ్లది. ఎనిమిది మంది సభ్యుల్లో ఆరుగురు ప్రాక్టీసులో ఉన్న దంతవైద్యులే అయిన బోర్డు, పళ్లు తెల్లబరిచే దుకాణాలకు పని ఆపమని 47 నోటీసులైనా పంపింది. పోటీదారులే నడిపే బోర్డు మీద ప్రభుత్వం చురుగ్గా కన్నేసి ఉంచకపోతే పోటీ చట్టాల నుంచి దానికి రక్షణ ఉండదని కోర్టు చెప్పింది. దంతవైద్యులు కానివాళ్లు చేస్తే క్షేమమని మాత్రం చెప్పలేదు. గుర్రాల విషయానికి దీన్ని వర్తింపజేసేవాళ్లు ఈ రెండో ముక్కను తరచు మింగేస్తుంటారు.

మన దగ్గర ఈ తగువు ఇంకా రాలేదు. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి 3.4 లక్షలే. 2012తో పోలిస్తే దాదాపు 45 శాతం తగ్గాయి. మలక్‌పేట పందెపు మైదానం, పెళ్లి ఊరేగింపులు, స్వారీ క్లబ్బులు తీసేస్తే తెలంగాణలో గుర్రం కనబడే చోట్లు కొద్ది. అయినా చట్టంలో ప్రశ్న సిద్ధంగానే ఉంది. 1984 భారత పశువైద్య మండలి చట్టం 30వ సెక్షన్ పశువైద్యాన్ని నమోదైన వైద్యులకే వదిలింది. అయితే డిప్లొమా లేదా సర్టిఫికెట్ ఉన్న సహాయకులు పశువైద్యుడి పర్యవేక్షణలో చిన్నపాటి సేవలు చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వవచ్చని చెప్పింది. ఆ చిన్న సేవలకు ఉదాహరణలుగా టీకా వేయడం, గాయానికి కట్టు కట్టడంతోపాటు విత్తులు కొట్టడాన్ని కూడా పేర్కొంది. పళ్ల మాట లేదు. ఇంకేవైనా చేర్చాలంటే రాష్ట్రమే నోటిఫై చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో గోపాలమిత్రలు కృత్రిమ గర్భధారణ సూదులు వేస్తూ వచ్చారు గనుక పట్టా లేని చేతులకు శిక్షణ ఇచ్చి పని అప్పగించడం మనకు కొత్త కూడా కాదు. రేపు ఎవరైనా గుర్రం పళ్లను ఆ జాబితాలో చేర్చమని అడిగితే, చేతి ఆకురాయి వరకు ఒప్పుకుని, మోటారునూ మత్తునూ పీకడాన్నీ బయట పెట్టి, నోరు చూసిన ప్రతిసారీ రాతపూర్వక నివేదిక ఇవ్వాలన్న షరతు పెట్టడానికి ఇప్పుడున్న ఆధారాలు చాలు.