అహోబిల గాథలో సవతి స్పర్ధ – బంధుత్వ భావన

ఒకే పురుషుని చేపట్టిన స్త్రీలు తెలుగునాట పిలుపులో అక్కాచెల్లెళ్లు, వ్యవహారంలో సవతులు. ఈ వైరుధ్యాన్ని ఆధారం చేసుకొని తెలుగు సాహిత్యం ప్రణయస్పర్ధను చిత్రించింది. నంది తిమ్మన 'పారిజాతాపహరణం'లో రుక్మిణీ సత్యభామలు ఇద్దరూ రాచకన్యలే. వారి స్పర్ధ ద్వారక అంతఃపురానికి పరిమితమైనది. అహోబిల గాథలోని ఆదిలక్ష్మి, చెంచులక్ష్మిల స్పర్ధ వైకుంఠానికీ నల్లమల అడవికీ నడుమ ఏర్పడినది.

హిరణ్యకశిపుని వధించిన పిదప నరసింహుడు అడవిలో చెంచు కన్యను వరించి, చెంచులకు అల్లుడయ్యాడని గాథ. ఆదిలక్ష్మి అలుక, సవతుల వాదం జానపద గేయాలకు ప్రీతిపాత్రమైన ఘట్టాలు. గరుడాచల యక్షగానానికీ, చెంచు నాటకాలకూ ఈ ప్రణయకథే వస్తువు. ఆదిలక్ష్మి పక్షాన తొలి భార్య హక్కు, వంశగౌరవం ఉన్నాయి. చెంచులక్ష్మి పక్షాన ఉన్నది ఒక్కటే: నాథుడు తానై వెదుకుతూ వచ్చాడు.

క్షేత్ర స్వరూపం కూడా ఈ ద్వైవిధ్యాన్ని నిలుపుకొన్నది. నవ నారసింహాలలో మాలోల నరసింహుడు పేరులోనే లక్ష్మీప్రియుడు. పావన నరసింహ సన్నిధి చెంచులక్ష్మితో ముడిపడినది.

కాగా, చెంచులక్ష్మి సాక్షాత్తు లక్ష్మీదేవి అవతారమేనన్న మరొక కథనం ప్రచారంలో ఉన్నది. 1958లో బి.ఎ. సుబ్బారావు దర్శకత్వంలో వెలువడిన 'చెంచులక్ష్మి' చిత్రంలో ఈ రెండు పాత్రలనూ అంజలీదేవియే ధరించింది. ఈ సమన్వయం స్వామి ఏకపత్నీత్వాన్ని కాపాడి, కయ్యాన్ని లీలగా మార్చుతుంది. అయితే దానివల్ల కలిగే నష్టాన్ని విమర్శకులు గుర్తించవలసి ఉన్నది. వధువు మారువేషంలోని లక్ష్మియే అయితే, చెంచులు ఆమెను పెంచినవారు మాత్రమే అవుతారు. స్వామికి నిజమైన అత్తవారు కాలేరు.

ఈ బంధుత్వం కేవలం కథాగతం కాదు. ఏటా కనుమనాడు మొదలయ్యే పారువేటలో ఉత్సవమూర్తులు పల్లకిలో 40 రోజులకు పైగా పరిసర గ్రామాలలో సంచరిస్తారు. స్వామి తన కల్యాణానికి స్వయంగా పిలువ వస్తాడని జనుల విశ్వాసం. పిలుపు అందుకొనే హక్కు బంధువులది.

కనుక జానపదులు సవతి కయ్యాన్ని విడువకపోవడాన్ని హాస్యప్రియత్వంగా మాత్రమే భావించరాదు. సవతి వేరొక స్త్రీగా నిలిచినప్పుడే చెంచులకు అల్లుడు దక్కుతాడు. ఆ కయ్యంలో ఆదిలక్ష్మి అలుక ఎంత తీవ్రమైతే, చెంచుల బంధుత్వం అంత దృఢంగా రుజువవుతుంది.