రోహిణి, మృగశిర, ఆర్ద్ర: మన చెక్క గ్లైడర్ల సంగతి

పోయిన ఆదివారం మీటింగు అయ్యాక టీ తాగుతుంటే, ఇంజనీరింగు చదివే మనవాళ్ల కుర్రాడొకడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. తెల్లటి గ్లైడరు, ఇంజను నడవడం లేదు, రెక్కలు చూస్తే వెదురుబొంగుల్లా పొడుగ్గా వంగి ఉన్నాయి. "తాతగారూ, ఇవన్నీ జర్మనీవాళ్లవే. మన దేశంలో ఇలాంటివి ఎవరూ ఎప్పుడూ కట్టనే లేదు" అన్నాడు. అక్కడ మాకు జవాబు చెప్పే వ్యవధి దొరకలేదు. ఇంటికొచ్చాక ఊరుకోబుద్ధి కాలేదు, అందుకే ఈ పొడుగు పోస్టు. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు నాయన దగ్గర రాత్రిపూట పలక మీద దిద్దినవే. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ముందు ఒక పట్టీ చూడండి. అశ్విని, భరణి, కార్తీక్, రోహిణి, మృగశిర, ఆర్ద్ర. పంచాంగం అనుకుంటారు. కావు, మన దేశంలో తయారైన గ్లైడర్ల పేర్లు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ విమానాశ్రయంలో సివిల్ ఏవియేషన్ శాఖవారి టెక్నికల్ సెంటర్ ఉండేది, అక్కడ రూపుదిద్దుకున్నాయి. కృత్తికను కార్తీక్ చేశారు, అంతే తేడా. అశ్విని 1958లో ఎగిరింది. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేర్చుకునే రోహిణి 1961లో, ఒంటరి సీటు కార్తీక్ 1963లో. అంటే నక్షత్రాల వరుస ఒకటి, ఎగిరిన వరుస ఒకటి. రోహిణిని రూపొందించిన ఇంజనీరు ఎస్. రామామృతం. ఆ పేరు కనబడగానే మా తమిళ మీడియం గుండె కాస్త పొంగింది, ఒప్పుకుంటాం.

ఇప్పుడు అసలు సంగతి. రెక్క పొడుగు ఎందుకు, పొడుగైతే నష్టమేమిటి?

గ్లైడరు ఎప్పుడూ కిందికే జారుతుంది. జారుతూ ఎంత దూరం పోతుందన్నదే లెక్క. కార్తీక్ కాలపు మంచి చెక్క గ్లైడరు ఒక కిలోమీటరు ఎత్తు నుంచి ఇంచుమించు 30 కిలోమీటర్లు పోయేది. చంద్రపూర్ మీద వదిలితే రాజురా దాటి ఏదో పత్తిచేలో దిగుతుంది. 2000లో ఎగిరిన జర్మన్ గ్లైడరు ఈటాకు ఆ లెక్క 70 అన్నారు. అదే ఎత్తున వదిలితే మహారాష్ట్ర దాటి కాగజ్‌నగర్ పొలిమేరకు చేరుతుంది. దాని రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 30.9 మీటర్లు.

రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కొస దగ్గర గాలి కింద నుంచి పైకి దొర్లి సుడి కడుతుంది. ఆ సుడికి పోయే శక్తి గ్లైడరు జేబులోంచి పోయినట్టే. నెమ్మదిగా ఎగిరేటప్పుడు ఈ ఖర్చు ఎక్కువ, రెక్క పొడుగైతే తగ్గుతుంది. వేగంగా పోయేటప్పుడు ఖర్చు ఇంకోచోట ఉంటుంది. రెక్క చర్మానికి గాలి రాసుకునే రాపిడి అది. చర్మం ఎక్కువైతే రాపిడి ఎక్కువ. సరే, పొడుగు పెంచి వెడల్పు తగ్గిద్దాం అంటారా? సన్నగా అయిన కొద్దీ లోపలి దూలానికి చోటు తగ్గుతుంది. రెక్క వంగుతుంది, మెలితిరుగుతుంది, వేగం మించితే రెపరెపలాడి విరిగే ప్రమాదం ఉంది. గుండ్రంగా తిరిగేటప్పుడు లోపలి కొస నెమ్మదిగా, బయటి కొస వేగంగా పోతాయి. రెక్క ఎంత పొడుగైతే ఆ తేడా అంత ఎక్కువ, అదుపు అంత కష్టం.

ఇదంతా ప్రాణాలతో చెలగాటమే. 1931లో రాబర్ట్ క్రాన్‌ఫెల్డ్ కోసం ఆస్ట్రియా అనే 30 మీటర్ల గ్లైడరు చెక్కతో కట్టారు. మరుసటి ఏడాదే మేఘంలో దూరి విరిగిపోయింది. ఈటాల్లో ఒకటి కూడా 2003లో గిరగిరా తిప్పే పరీక్షలో తునిగింది. లోపలివాళ్లు పారాచూట్లతో బతికారు. నడుమ 1972లో బ్రౌన్‌ష్వైగ్ విద్యార్థులు ఎస్‌బి-10 అనే 29 మీటర్ల గ్లైడరు రెక్కలో కార్బన్ ఫైబరు వాడారు. పొడుగు రెక్కకు గట్టి వెన్నెముక దొరికింది అక్కడే.

ఇంగ్లీషువాళ్లు మరో దారి పట్టారు. మన థర్మల్ పవర్ స్టేషన్ చిమ్నీల మీద గద్దను చూడండి. పైకెక్కేటప్పుడు రెక్కలు బార్లా చాస్తుంది, దూకేటప్పుడు ముడుస్తుంది. 1971లో ఎగిరిన సిగ్మాలో అదే చేయబోయారు. ఫ్లాపులు వెనక్కి చాస్తే రెక్క వైశాల్యం పెరుగుతుంది, మూస్తే తగ్గుతుంది. కాగితం మీద అద్భుతం. కానీ ఆ యంత్రాంగం అనుకున్నట్టు పనిచేయక ఆశించిన పనితనం రాలేదు. గద్ద దగ్గర ఉన్న కండరం మనిషి దగ్గర లేదు మరి.

ఇక్కడ మా గూడ్స్ ఆఫీసు లెక్క ఒకటి పనికొస్తుంది. వ్యాగన్ మీద టేర్ బరువు, మోయగల బరువు రాసి ఉంటాయి. టేర్ పెరిగితే సరుకు తగ్గాలి, మొత్తం గీత దాటకూడదు. ఓపెన్ క్లాస్ పందేలలో రెక్క పొడుగుకు హద్దు లేదు గానీ మొత్తం బరువు 850 కిలోలు దాటకూడదు. గ్లైడరులో సరుకంటే నీళ్లు. రెక్కల్లో నీళ్లు నింపితే బరువెక్కి, అదే జారుడుతో ఎక్కువ వేగంగా పోతుంది. గాలి బలహీనమైతే నీళ్లు వదిలేస్తారు. ఈటా రెక్క వైశాల్యం 18.6 చదరపు మీటర్లు, 850 కిలోలు పంచితే చదరపు మీటరుకు 46 కిలోలు కూడా రాదు. దక్షిణాఫ్రికా జాంకర్ అన్నదమ్ముల జెఎస్1 రెక్కలు 21 మీటర్లే, వైశాల్యం 12.25. అది 720 కిలోలకే దాదాపు 59 తెస్తుంది. అందుకే ఎండ గట్టిగా కాచే రోజున పొట్టిది పొడుగుదాన్ని దాటిపోగలదు. పొడుగూ కావాలి, బరువూ కావాలి అని పట్టుబట్టిన అమెరికా ఆయన డిక్ బట్లర్. 28 మీటర్ల రెక్కను బద్దలా సన్నగా చేసి కాంకర్డియా కట్టాడు. ఏళ్ల తరబడి పట్టింది, 2012లో ఎగిరింది, ఒక్కటే తయారైంది.

ఆ ఎండ సంగతి మనకెవరూ చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, తమిళంలో ఆ ముందు రోజుల్ని అగ్ని నక్షత్రం అంటారు. చంద్రపూర్‌లో 47, 48 డిగ్రీలు చూసినవాళ్లం. ఆ వేడికి నేల మీది గాలి స్తంభాల్లా లేస్తుంది, గ్లైడరుకు అదే పెట్రోలు. ఇక్కడ మే నెలలో పందెం పెడితే నీళ్లు నింపిన పొట్టి రెక్క గెలుస్తుంది, డిసెంబరులో పొడుగు రెక్క గెలుస్తుంది అని మా అంచనా. మృగశిర కార్తె వచ్చి వాన పడిందా, రెండూ షెడ్డులోనే.

మరి మనవాళ్లు 30 మీటర్లది ఎందుకు కట్టలేదు? కార్తీక్ రెక్క 15 మీటర్లు. స్టాండర్డ్ క్లాస్‌కు పెట్టిన హద్దు అదే, క్లబ్బులు కొనగలిగేలా ఖర్చు అదుపులో ఉండాలని పెట్టింది. మనకు దొరికేది చెక్క, ప్లైవుడ్డు. ఎగరేవాళ్లు క్లబ్బుల్లో నేర్చుకునే కుర్రాళ్లు. పొలంలో దిగితే రెక్కలు ఊడదీసి ట్రైలరు మీద వేసి తెచ్చుకోవాలి. పొడుగు రెక్కకు పొడుగు షెడ్డు, పదిమంది మనుషులు కావాలి. అది చేతకానితనం కాదు, చూసి ఎంచుకున్న కొలత అని మా అభిప్రాయం. ఆ 15 మీటర్లలోనే 1970ల్లో మృగశిరకు ఫ్లాపులు పెట్టారు. అంటే ప్రపంచం ఎటు పోతోందో వాళ్లకు తెలుసు. మా ఫిర్యాదు వేరు. 1979లో రెండు సీట్ల ఆర్ద్ర ఎగిరింది. 27 నక్షత్రాల్లో మనం ఆరో దాని దగ్గరే ఉన్నాం. బయట గాజునార, కార్బన్ రోజులు వచ్చాక పునర్వసు ఎక్కడ అని అడిగినవాళ్లు లేరు.

ఆ కుర్రాడికి ఈ పోస్టు పంపించండి, అతని నంబరు మా దగ్గర లేదు. పుణేలో హడప్‌సర్ గ్లైడింగ్ సెంటర్ ఉందని కూడా చెప్పండి. వచ్చే ఆదివారం హాలుకు వస్తే కాగితం మీద రెక్క గీసి చూపిస్తాం, టీ మాదే.