బొగ్గు తరిగిపోవడం అంటే ఏంటి? సింగరేణి చెప్పే జవాబు

తరిగిపోయే శక్తి వనరులు ఏవి, తరగనివి ఏవి? సైన్స్ పరీక్షలో ఈ ప్రశ్న అందరం రాసిందే. బొగ్గు ఒకవైపు, సౌరశక్తి ఇంకోవైపు రాసేసి నేనూ మార్కులు తెచ్చుకున్నా. కానీ "తరిగిపోవడం" అంటే ఏంటో సింగరేణి చరిత్ర చదివాకే నాకు అర్థమైంది.

1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని గుర్తించారు. అప్పుడది నిజాం రాజ్యం. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వుకునే హక్కులు దక్కాయి. ఇల్లందులో తవ్వకాలు మొదలయ్యాయి. 1920లో ఆ గనులన్నీ కొత్తగా పెట్టిన సింగరేణి కాలరీస్ కంపెనీ చేతికి వచ్చాయి.

అసలు ఆ బొగ్గు ఎప్పటిది? 25 కోట్ల ఏళ్లకు ముందు గోదావరి లోయలో చిత్తడి అడవులు ఉండేవి. ఆ చెట్లు కూలి, మట్టి కింద పడి, వేడికీ ఒత్తిడికీ బొగ్గుగా మారాయి. అంటే బొగ్గు కూడా ఒకప్పటి ఎండే! కాకపోతే అది తాతల నాటి ఆస్తి, ఖర్చుపెడితే మళ్లీ రాదు. ఇవాళ్టి ఎండ నెల జీతం లాంటిది, వస్తూనే ఉంటుంది.

ఈ రెండూ పక్కపక్కనే కనిపించే చోటు రామగుండం. అక్కడ ఎన్టీపీసీ థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1983లో మొదలైంది. తర్వాత కేంద్రం మొత్తం సామర్థ్యం 2,600 మెగావాట్లకు చేరింది. 2022లో అదే కేంద్రం రిజర్వాయర్ నీళ్ల మీద, దాదాపు 500 ఎకరాల్లో, 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు పూర్తయింది. నీళ్ల మీద ప్యానెళ్లు ఉంటే భూమి మిగులుతుంది, నీళ్లు ఆవిరైపోవడం తగ్గుతుంది.

సూపర్ కదా? కానీ లెక్క చూడండి. 2,600 ఎక్కడ, 100 ఎక్కడ! పైగా రాత్రి ఎండ ఉండదు. అందుకే 2023లో అక్కడే 800 మెగావాట్ల కొత్త బొగ్గు యూనిట్ కూడా జాతికి అంకితమైంది. పుస్తకంలో రెండు గడులు వేరువేరుగా ఉంటాయి, బయట మాత్రం ఇంకా కలిసే నడుస్తున్నాయి.

ఇప్పుడు అసలు విషయం. బొగ్గు అంతా ఒకేరోజు అయిపోదు. ఒక్కో బాయి మూతపడుతుంది. బెల్లంపల్లినే తీసుకోండి. బాయిలు ఉన్నన్నాళ్లు కళకళలాడిన ఊరు అది. అవి మూతపడుతుంటే ఉద్యోగాలు వేరే ఏరియాలకు పోయాయి, వాటి వెనకే కుటుంబాలూ కదిలాయి. సోలార్ ప్లాంటు నడపడానికి బొగ్గు బాయికి కావాల్సినంత మంది అక్కర్లేదు కూడా.

కాబట్టి సోలార్ రావాల్సిందే, డౌట్ లేదు. కానీ బొగ్గు మీద బతికే ఊళ్లకు తర్వాత ఏ పని అనేది బాయి మూసే ముందే ఆలోచించాలి. ఈసారి పరీక్షలో "తరిగిపోయేవి: బొగ్గు" అని రాసేటప్పుడు ఒక్కసారి బెల్లంపల్లిని గుర్తు చేసుకోండి.