లష్కర్‌కు వచ్చి నిలిచిపోయినవాళ్ళు

సికింద్రాబాద్ చరిత్ర అనగానే రెసిడెంటు దొరలు, పరేడ్ గ్రౌండు, క్లబ్బులు, చర్చి గోపురాలు గుర్తొస్తాయి. ఊరు పుట్టిందే కంపెనీ సైన్యం కోసం కాబట్టి అందులో తప్పేమీ లేదు. కానీ పటాలాలు వచ్చేవి, కొన్నేళ్ళకు మరో చోటికి కదిలిపోయేవి. వాటి వెంట మూటాముల్లె సర్దుకుని వచ్చి, ఇక్కడే ఇల్లూ వాకిలీ ఏర్పరచుకున్నవాళ్ళు వేరు. దీన్ని ఊరుగా నిలబెట్టింది వీళ్ళేనని నా అభిప్రాయం.

1798 సెప్టెంబరు 1న నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అప్పటిదాకా నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్ పెంచిన పటాలాలు ఉండేవి. ఆ ఏడాది అక్టోబరులో వాటిచేత ఆయుధాలు దింపించారు. కంపెనీ బలగం హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన మకాం వేసింది. 1800లో బలగం పెరిగింది, దాంతోపాటు ఖర్చూ పెరిగింది. ఆ ఖర్చు కింద నిజాం బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను కంపెనీకి శాశ్వతంగా రాసిచ్చాడు. అవే దత్త మండలాలు. సాగర్ గట్టు అవతల గుడారాల్లో ఉన్న సిపాయికి తిండి పెట్టింది ఈ ఊరితో ఏ సంబంధమూ లేని సీమ రైతు కట్టిన శిస్తు. సికింద్రాబాద్ కథ చెప్పేటప్పుడు ఈ సంగతి వదిలేయకూడదు.

1806లో మూడో అసఫ్‌జా సికందర్ జా పేరు మీద ఈ దండు సికింద్రాబాద్ అయింది. జనం నోట మాత్రం లష్కర్‌గానే నిలిచింది. ఇక్కడికి వచ్చే సరుకుల మీద సుంకం లేకుండా నిజాం వెసులుబాటు ఇవ్వడంతో వ్యాపారులకు దారి తెరుచుకుంది. గుడారాల పక్కనే జనరల్ బజారు, రెజిమెంటల్ బజారు పుట్టాయి.

ఇంతకీ వీళ్ళంతా ఎందుకు వచ్చారు? తెల్ల అధికారులను రప్పించింది ఎక్కువగా డబ్బే. ఫిలిప్ మెడోస్ టేలర్‌నే తీసుకోండి. తండ్రి లివర్‌పూల్ వ్యాపారి, వ్యాపారం దెబ్బతింది. కొడుకు పదిహేనేళ్ళకే, 1824లో, బొంబాయిలో ఒక వర్తకుడి దగ్గర పనికోసం ఓడ ఎక్కాడు. దిగేసరికి ఆ వర్తకుడే అప్పుల్లో ఉన్నాడు. బంధువు ఒకరు చెప్పిన మాటసాయంతో నిజాం సైన్యంలో కొలువు దొరికింది. ఠగ్గుల మీద 1839లో నవల రాసి పేరు తెచ్చుకున్నది ఆయనే. అంతకుముందు 1809లో మద్రాసు సైన్యపు తెల్ల అధికారులే మచిలీపట్నంలో, ఇక్కడ, శ్రీరంగపట్నంలో తిరగబడ్డారు. గుడారాల ఏర్పాటు కోసం వాళ్ళకు ముట్టే సొమ్మును ప్రభుత్వం ఆపేయడం వాళ్ళ ఫిర్యాదుల్లో ముఖ్యమైంది. రాజభక్తి గురించి ఎంత చెప్పుకున్నా, వచ్చినవాళ్ళ లెక్కలు ఇలా ఉండేవి.

మామూలు తెల్ల సోల్జరు సంగతి ఇంకా అధ్వాన్నం. ఇంటి దగ్గర గడవక సైన్యంలో చేరినవాళ్ళే ఎక్కువ. పెళ్ళాన్ని వెంట తెచ్చుకునే అనుమతి కొద్దిమందికే దొరికేది. మొగుడు చనిపోతే ఆమెకు కొన్ని నెలలే భత్యం. ఆలోగా మరొక సోల్జరును పెళ్ళాడడం తప్ప చాలామందికి దారి ఉండేది కాదు. ఇక్కడి పాత బ్యారకులు ఇరుకైనవి, గాలి ఆడనివి. విరేచనాలు, జ్వరాలు, సారా కలిసి మనుషుల్ని తినేసేవి. ఇంగ్లీషు శ్మశానాల్లో సమాధి రాళ్ళు చదువుతూ పోతే ఇరవైల్లో పోయినవాళ్ళు, ఏడాది నిండని పసిపిల్లలు వరసగా కనిపిస్తారు.

సిపాయిలది వేరే దారి. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళు బాగా ఉండేవారు. ఆ సైన్యానికి ఒక అలవాటు ఉంది, సిపాయి తన కుటుంబాన్ని వెంటబెట్టుకునే తిరిగేవాడు. పటాలం కదిలిందంటే ముసలితల్లి, చంటిబిడ్డ, వంటసామాను అన్నీ బండెక్కాల్సిందే. వాళ్ళ వెనక ఇంకా పెద్ద గుంపు. గుడారాలు ఎత్తే కలాసీలు, నీళ్ళు మోసే భిస్తీలు, గుర్రాలకు గడ్డి కోసుకొచ్చేవాళ్ళు, సైసులు, చాకళ్ళు, మంగళ్ళు, పల్లకీలు మోసే బోయీలు. కలాసీగూడ, ఘాస్‌మండి, బోయిగూడ వంటి పేటలు వీళ్ళ గుర్తులే. 1790ల మొదట్లో దక్కనునూ ఉత్తర సర్కార్లనూ పుర్రెల కరువు తుడిచిపెట్టింది. దండు దిగేనాటికి ఆ కరువు పోయి ఏడేళ్ళు కూడా కాలేదు. వాన పడ్డా పడకపోయినా నెల తిరిగేసరికి చేతికందే జీతం అంటే అలాంటి రోజుల్లో ఏమిటో ఊహించుకోవచ్చు.

ఈ గుంపులోంచి చరిత్రలో పేరు మిగిలిన మనిషి సురిటి అప్పయ్య. దండులో డోలీ మోసేవాడు. డోలీ అంటే ఆ రోజుల్లో అంబులెన్సు. దెబ్బ తగిలినవాణ్ణి, జబ్బుపడినవాణ్ణి భుజాల మీద మోసుకెళ్ళాలి. రోగం ఎవరికి వచ్చినా ముందుగా దాని పక్కన నడిచేది డోలీవాడే. మహంకాళి గుడి గురించి తరతరాలుగా చెప్పుకునే చరిత్ర ప్రకారం, 1813లో అప్పయ్యకు ఉజ్జయినికి బదిలీ అయింది. కలరా చెలరేగిన రోజులవి. తోటివాళ్ళతో కలిసి అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు. జబ్బు తగ్గితే తన ఊళ్ళో అమ్మవారిని నిలబెడతానన్నాడు. తిరిగొచ్చాక 1815లో ఇక్కడ చెక్క విగ్రహం ప్రతిష్ఠించాడు. 1817 తర్వాత కలరా సైన్యం నడిచిన బాటల వెంటే దేశమంతా పాకింది కాబట్టి ఆ భయం ఉత్తిది కాదని తేలిపోయింది. ఈనాటికీ ఆషాఢంలో లష్కర్ బోనాలు జరిగేది ఆ ఉజ్జయిని మహంకాళికే. మొక్కు తీర్చుకోవడానికి అప్పయ్య తిరిగొచ్చింది ఈ దండు ఊరికే. అప్పటికే ఇది అతనికి సొంత ఊరు అయిపోయిందన్నమాట.

వ్యాపారం మీద వచ్చినవాళ్ళకు కష్టాలు లేకపోలేదు గానీ దారి కాస్త సుగమం. అరవదేశం నుంచి మొదలియార్లు కాంట్రాక్టర్లుగా వచ్చారు. గుజరాత్, బొంబాయి వైపు నుంచి పార్సీలు వచ్చి 1847కల్లా అగ్ని ఆలయం కట్టుకున్నారు. మార్వాడీలు వడ్డీ వ్యాపారం పెట్టారు. 1862లో సోమసుందర మొదలియార్ మొదలుపెట్టిన బడే తర్వాత మహబూబ్ కాలేజీగా పేరుపొందింది. 1893 ఫిబ్రవరిలో, చికాగో వెళ్ళడానికి ముందు, వివేకానందుడు ప్రసంగించింది అక్కడే. గుడీ బడీ కట్టుకున్నారంటే తిరిగిపోయే ఉద్దేశం లేనట్టే.

1857 తిరుగుబాటు రోజుల్లో, జులైలో, తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశాక దొరలకు భయం పట్టుకుంది. తిరుమలగిరిలో చుట్టూ కందకం తవ్వి కొత్త బ్యారకులు కట్టుకున్నారు. 1874లో వాడి జంక్షన్ నుంచి రైలు వచ్చింది. అంతవరకూ బండ్ల మీద, ఎడ్ల మీద వారాల తరబడి నడిచిన సరుకు రోజుల్లో చేరసాగింది.

జ్వరాల సంగతి మాత్రం శతాబ్దం చివరిదాకా తేలలేదు. తేల్చింది బేగంపేట ఆసుపత్రిలో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్. ఆగస్టు ఉక్కలో పంకా లాగించుకుంటే కోసిపెట్టుకున్న దోమలు ఎగిరిపోతాయని పంకా లేకుండానే కూర్చునేవాడు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమలచేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు, కుట్టిన దోమకు అణా చొప్పున. 1897 ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాని కడుపులో రాస్ మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. తన ఒంటిని అప్పగించిన హుసేన్ ఖాన్ పేరు కూడా ఆ పక్కనే రాయాలి.

1940ల మధ్యలో కంటోన్మెంటు తప్ప మిగతా ఊరు నిజాం పాలనలోకి వచ్చింది, 1960లో హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసింది. దొరల పేర్లు రోడ్ల మీంచి చాలావరకు పోయాయి. ఆ దొరల జీవితాలు మాత్రం జ్ఞాపకాల పుస్తకాల్లో, ప్రభుత్వ దస్తరాల్లో భద్రంగా ఉన్నాయి. కలాసీల, బోయీల, సైసుల జీవితాలకు అలాంటి చోటు దొరకలేదు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఆ పేటల్లోనే ఉన్నారు. మీ ఇంట్లో తాతల నాటి పింఛను కాగితమో, పటాలం బిళ్ళో, అమ్మమ్మ చెప్పిన ఒక కథో ఉంటే దయచేసి రాసిపెట్టండి, నకలు తీయించండి, దగ్గర్లోని గ్రంథాలయానికి ఒక ప్రతి ఇవ్వండి.