పిల్లల సముద్ర కథల్లో దయ్యాలు: ఒక చారిత్రక పరిశీలన

పిల్లల కోసం రాసిన సముద్ర కథల్లో దయ్యాలూ మాంత్రికులూ కనిపించగానే మన విమర్శకులు వాటిని మూఢవిశ్వాసాల ఖాతాలో వేసి పక్కకు తోసేస్తారు. పిల్లల సాహిత్యం విమర్శకు అందేటంత బరువైనది కాదనే చులకన కూడా ఇందులో కొంత ఉంది. నా అభిప్రాయం వేరు. భయం గాలిలో నుంచి పుట్టదు. ఒక కథ పిల్లవాణ్ణి భయపెడుతున్నదంటే, దాని అడుగున ఎవరో నిజంగా భయపడిన చరిత్ర ఉంటుంది. ఎవరు భయపడ్డారు, దేన్ని చూసి భయపడ్డారు అన్నది తేల్చడం విమర్శకుని పని.

నేను ఉంటున్న పద్మనాభం చరిత్ర పుస్తకాల్లో ఒక యుద్ధానికి ప్రసిద్ధి. 1794 జులై 10న ఇంగ్లీషు కంపెనీ సేనలతో పోరాడి విజయనగరం రాజు విజయరామరాజు ఇక్కడ నేలకొరిగాడు. ఆయన పేరు జనం నోట నేటికీ ఉంది. ఈ ఊరి పక్కనుంచే పారే గోస్తనీ నది భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ రేవులో మరొక కంపెనీ, డచ్చివారిది, 17వ శతాబ్దం నుంచి వ్యాపారం చేసింది. వారి పాత సమాధులు ఇంకా అక్కడ ఉన్నాయి. నేల మీద చనిపోయిన రాజుకు పేరు మిగిలింది. ఒడ్డున చనిపోయిన వర్తకునికి సమాధి రాయి మిగిలింది. నీళ్ల మీద చనిపోయిన కళాసీకి ఏం మిగిలింది?

దయ్యపు కథ మిగిలింది. ప్రపంచంలో పిల్లలు ఎక్కువగా విన్న సముద్రపు దయ్యం కథ ‘ఫ్లయింగ్ డచ్‌మన్’. ఒక డచ్చి ఓడ నాయకుడు తుపానుకు ఎదురొడ్డి గుడ్‌హోప్ అగ్రాన్ని దాటి తీరతానని ఒట్టు పెట్టుకొని శాపం పాలయ్యాడట. ఆ ఓడ ఏ రేవూ చేరకుండా తిరుగుతూనే ఉందట. ఈ కథ 18వ శతాబ్దం చివర అచ్చులోకి ఎక్కింది. ఆ రెండు శతాబ్దాల్లో డచ్చి కంపెనీ ఓడలెక్కి ఆసియాకు బయలుదేరినవారు దాదాపు 10 లక్షలు. వారిలో సగంమంది కూడా తిరిగి ఇల్లు చేరలేదు. జబ్బులు, ఆకలి, తుపానులు, తెలియని దేశపు జ్వరాలు వారిని మింగాయి. రేవు చేరని ఓడ అనే ఊహ ఎక్కడ నుంచి వచ్చిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. కాని కథ చేసిన పని చూడండి. నేరమంతా ఒక్క నాయకుని పొగరు మీద పెట్టింది. ఓడను పంపి లాభం తీసుకున్న కంపెనీ మాట అందులో లేదు. ఏ ఒట్టూ పెట్టుకోని కళాసీలు మాత్రం నాయకునితోపాటు శాపం అనుభవిస్తున్నారు.

ఇక మన తీరం సంగతి. 1789 డిసెంబరులో కోరంగి మీద ఉప్పెన విరుచుకుపడింది. పెద్ద కెరటాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఊరినీ ఓడలనూ తుడిచిపెట్టాయి. 1839 నవంబరులో మళ్లీ అదే జరిగింది. బంగాళాఖాతపు తుపానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ 1848లో వెలువడిన తన నావికుల గ్రంథంలో ‘సైక్లోన్’ అనే మాట వాడి స్థిరపరచాడు. గాలి సుడి తిరిగే తీరును వివరించి, దాని నుంచి ఓడ ఎలా తప్పుకోవాలో చెప్పాడు. అంతవరకు దైవాగ్రహంగా కనిపించినది నావికునికి లెక్కకు అందే విషయమైంది.

కోరంగి పేరు మరొక విధంగా కూడా మిగిలింది. ఉత్తర కోస్తా రేవుల నుంచి స్టీమర్ల డెక్కు మీద కిక్కిరిసి బర్మా వెళ్లిన తెలుగు కూలీలను రంగూనులో ‘కోరంగీలు’ అని పిలిచారు. 1930 మేలో రంగూను రేవు కూలీలు జీతాల కోసం సమ్మె చేశారు. యజమానులు బర్మా కూలీలను పనిలోకి తెచ్చారు. సమ్మె పరిష్కారం కాగానే వారిని పొమ్మన్నారు. యజమాని మీదికి మళ్లవలసిన కోపం పక్కనున్న కూలీ మీదికి మళ్లింది. వందమందికి పైగా చనిపోయారు. 1942లో జపాను దాడితో మిగిలినవారిలో అనేకులు కొండలూ అడవులూ పట్టి నడిచి వచ్చారు. దారిలోనే చనిపోయినవారు అసంఖ్యాకులు. ఇంతకంటె భయంకరమైన సముద్రగాథ ఏముంటుంది? మన పిల్లలు చదివిన సముద్ర కథల్లో దీని జాడ ఎంత?

ఆ కథలను నెలనెలా అందించింది ‘చందమామ’. 1947 జులైలో మొదలైన ఆ పత్రికకు 1952 నుంచి 1980లో మరణించేదాకా సంపాదక బాధ్యత మోసినవాడు కొడవటిగంటి కుటుంబరావు. 1954లో అందులో ‘తోకచుక్క’ ధారావాహిక మొదలైంది. సేనాని సమరసేనుడు ఓడలెక్కి బయలుదేరి మాంత్రికుల దీవి చేరడం, ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికుల పగలో చిక్కుకోవడం తెలుగు పిల్లలను కొన్ని తరాలపాటు నిద్ర పోనివ్వలేదు. ఇందులో మంచి ఏమిటో ముందు చెప్పాలి. సర్వశక్తులూ ఉన్నట్టు కనిపించే మాంత్రికునికి కూడా ఒక శత్రువు ఉన్నాడనీ, వాడికీ భయం ఉన్నదనీ పిల్లవాడు గ్రహిస్తాడు. ఎంతటి అధికారానికైనా పగులు ఉంటుందని చిన్ననాడే తెలియడం తక్కువ విషయం కాదు. లోటు కూడా ఉంది. ఆ సముద్రానికి ఊరూ పేరూ లేవు. కథ సేనాని వెంట నడుస్తుంది. ఓడ నడిపే చేతులు మసకగానే ఉండిపోతాయి.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. ఆ ధారావాహికలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు కూడా పత్రికలో అచ్చు కాలేదు. దశాబ్దాలపాటు పిల్లలు ఆయన రాసిన వాక్యాల్లో బతికారు గాని ఆయనెవరో వారికి తెలియదు. 2010లో ఆయన మరణించేనాటికి ఆ పేరు తెలిసినవారు కొద్దిమందే. కథలో కళాసీకి లేని పేరు కథ రాసిన శ్రామికునికీ లేకపోయింది.

దయ్యాలను పిల్లల పుస్తకాల నుంచి వెళ్లగొట్టాలనే మిత్రులతో నేను ఏకీభవించను. భయాన్ని నిషేధిస్తే అది పోదు. తాయెత్తులు అమ్మేవాడి దగ్గరకు వెళుతుంది. కథ ముగిసేసరికి ఆ భయానికి కారణం బయటపడాలి. రాత్రి డెక్కు మీద వినిపించే మూలుగు ఎవరిదో పిల్లవాడు లాంతరు పట్టుకుని వెళ్లి చూడాలి. అక్కడ ఉన్నది జ్వరంతో పడి ఉన్న భీమునిపట్నం కూలీ అయితే, అతని పేరు అడగాలి. అటువంటి కథలు రాయడానికి కావలసిన సామగ్రి ఈ తీరమంతటా పడి ఉంది. విద్యార్థులు సెలవుల్లో తమ ఊళ్లకు వెళ్లినప్పుడు, రంగూను మాట ఇంకా వినిపించే ఇళ్లలో కూర్చుని ఆ పేర్లు రాసుకు రావాలి. ముందు పేర్లు దొరకాలి. కథలు వాటి వెనుక వస్తాయి.