సమావేశ స్వేచ్ఛ కోసం: నిజాం రాష్ట్రంలో ఆంధ్రోద్యమపు తొలి అడుగులు

1921 నవంబరు 12. హైదరాబాదు వివేకవర్ధిని పాఠశాల ఆవరణలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరుగుతున్నది. స్త్రీ విద్యకు జీవితాన్ని అర్పించిన ధోండో కేశవ కర్వే అధ్యక్షులు. ఉపన్యాసాలు మరాఠీ, ఉర్దూ, ఇంగ్లీషు భాషల్లో సాగుతున్నాయి. న్యాయవాది అల్లంపల్లి వెంకటరామారావు ఒక తీర్మానంపై తెలుగులో మాట్లాడడానికి లేచారు. సభికులలో కొందరు చప్పట్లతో, కేకలతో ఆయనను ఎగతాళి చేశారు. ఆయన ప్రసంగం ముందుకు సాగలేదు.

సంఘాన్ని సంస్కరించడానికి కూడిన సభలోనే సాటి మనిషి మాట వినే ఓర్పు లోపించింది. ఆ అవమానానికి తెలుగు ప్రతినిధులు కేకలతో బదులు చెప్పలేదు. ఆ రాత్రే కొద్దిమంది ఒక ఇంట సమావేశమై ఆంధ్రజన సంఘాన్ని స్థాపించుకొన్నారు. తెలంగాణలో ఒక యుగాన్ని తీర్చిన ఉద్యమానికి అది నాంది.

ఆ ఘటన ప్రాధాన్యం అర్థం కావాలంటే నాటి పరిస్థితిని గుర్తు చేసుకోవాలి. తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాలున్న ఆ సంస్థానంలో రాజభాష ఉర్దూ. విస్తృత ప్రజాప్రాతినిధ్యం గల శాసనసభ లేదు. పైగా రాజకీయ సభ జరపాలంటే సర్కారు అనుమతి పొందాలి. నలుగురు ఒకచోట కూర్చుని ప్రజా విషయాలు చర్చించుకోవడమే కష్టసాధ్యమైన కార్యం.

ఈ లోటును కొంతవరకు తీర్చినవి గ్రంథాలయాలు. 1901లో హైదరాబాదులో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వెంకటరంగారావు ప్రభృతుల కృషితో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. పత్రిక చదవడానికి వచ్చినవారు చదివినదాన్ని చర్చించుకోకుండా వెళ్లరు. ఒకరు చదువుతుంటే చదువురానివారు విన్నారు. చదువుకొనే గది క్రమంగా మాట్లాడుకొనే గదిగా మారింది. ‘ఆంధ్ర పితామహ’ బిరుదాంకితులు మాడపాటి హనుమంతరావు కార్యదర్శిగా సంఘం జిల్లాలకు వ్యాపించింది. 1923లో ఆంధ్రజన కేంద్ర సంఘంగా రూపొందింది.

ఆ సంఘం అనుసరించిన పద్ధతి గమనార్హం. వెట్టిచాకిరి, వర్తక స్వాతంత్ర్యం వంటి విషయాలపై అది చిన్న పుస్తకాలు ప్రకటించింది. వెట్టిని నియంత్రిస్తూ సర్కారే జారీ చేసిన ఉత్తర్వులు గ్రామాల్లో ఎవరికీ తెలియవు. వాటిని తెలుగులో అందించడంతో, ప్రభువు మాటనే ఆధారంగా చూపి అధికారి ఎదుట తన బాధను చెప్పుకొనే అవకాశం సామాన్యునికి కలిగింది. ఘర్షణ లేకుండా, లొంగుబాటు లేకుండా సాగిన రాజకీయ సంభాషణ అది.

1930 మార్చిలో మెదకు జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగింది. దానితోపాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. నిమ్నవర్గాల నాయకుడు భాగ్యరెడ్డివర్మ పాల్గొనడానికి మాత్రం కొందరు సంప్రదాయవాదులు అభ్యంతరం చెప్పారు. తొమ్మిదేండ్ల కిందట భాష కారణంగా నోరు మూయించబడినవారి సభలోనే, కులం కారణంగా ఒకరి నోరు మూయించే ప్రయత్నం జరిగింది. తమకు జరిగిన అన్యాయాన్ని గుర్తించినంత సులభంగా తాము చేసే అన్యాయాన్ని మనుషులు గుర్తించలేరు. ఆ పరీక్షను ఎదుర్కోక తప్పదని జోగిపేట సభ తెలియజేసింది.

తరువాత 1931లో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన దేవరకొండలోను, 1934లో ఖమ్మంలోను, 1935లో మాడపాటివారి అధ్యక్షతన సిరిసిల్లలోను మహాసభలు జరిగాయి. సభ సభకూ ఊరు మారడం వల్ల రాజధానిలోని న్యాయవాదులు పల్లె రైతుల ముఖాముఖి కూర్చోవలసి వచ్చింది. విద్య, పన్నులు, వెట్టి గురించిన తీర్మానాలకు ప్రత్యక్షానుభవం ఆధారమైంది. 1940ల తొలి సంవత్సరాల్లో సభ్యత్వ రుసుము రూపాయి నుండి నాలుగణాలకు తగ్గడంతో పేదలకు సైతం సభాద్వారం తెరుచుకొన్నది.

అయితే, ద్వారం విశాలమైన కొద్దీ లోపలి భేదాలు కూడా పెరిగాయి. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన భువనగిరి సభతో మితవాదులు, అతివాదులు విడిపోయారు. ఆనాటి జాగీర్దారీ వ్యవస్థలో భూమి సమస్య ఒక గదిలో చర్చతో పరిష్కారమయ్యేది కాదు. అనతికాలంలోనే తెలంగాణ సాయుధ పోరాటంలోకి అడుగు పెట్టింది.

ఆ కారణంగా ఈ సమావేశాల కృషి వ్యర్థమని తలచరాదు. తమ మాట వినని చోటు నుండి వచ్చినవారు, మాట వినే చోట్లను నిర్మించారు. వాటిని నిలుపుకోవడంలో తడబడ్డారు కూడా. సభ్యత గల రాజకీయ సంభాషణ దానంతట అది ఏర్పడదు. దానికొక గది, ఒక అనుమతి, ఎదుటివాని భాషను గౌరవించే ఓర్పు కావాలి. ఆ గదిలోకి ఎవరు రాలేకపోయారన్న ప్రశ్న మళ్లీ మళ్లీ వేసుకోవాలి. 1921 నాటి ఆ సాయంత్రం నుండి తెలంగాణ నేర్చుకొన్న పాఠం ఇదే.